కారు కవర్ ఉతికాక నీళ్లెందుకు దిగుతున్నాయి?

క్లుప్తంగా: మార్కెట్లో దొరికే కారు కవర్లలో ఎక్కువ భాగం పూత పూసిన సింథటిక్ బట్టలు. చొక్కాను ఉతికినట్టు ఉతికితే మురికితో పాటు పూత కూడా పోతుంది. ఉతికిన కవర్‌లోంచి నీళ్లు దిగడానికి చాలాసార్లు చిల్లులు కారణం కాదు, బట్టలో మిగిలిపోయిన సబ్బు. ఆరబెట్టే విషయంలో ఎండ గురించి ఉన్న భయంలో సగమైనా తడి గురించి ఉంటే చాలా కవర్లు ఇంకో రెండేళ్లు మన్నేవి.

వెండి రంగు కవర్‌ను వాషింగ్ మెషీన్‌లో వేసి తీశాక డ్రమ్ము అడుగున సన్నటి మెరుపు పొడి కనిపిస్తుంది. ముట్టుకుంటే వేళ్లకు అంటుకుంటుంది. కవర్ మాత్రం కొత్తదానిలా ఉంటుంది. అసలు సంగతి మొదటి వానకు బయటపడుతుంది. తెల్లారి కవర్ ఎత్తి చూస్తే బానెట్ మీదా రూఫ్ మీదా నీళ్లు నిలిచి ఉంటాయి. ఉతకక ముందు ఇదే కవర్ మీద చినుకులు తామరాకు మీద నీటిబొట్టులా జారిపోయేవి.

ఇలాంటప్పుడు చెప్పేవాళ్లందరూ తలో మాట చెబుతారు. అమ్మిన షాపువాడు అసలు ఉతకొద్దంటాడు, వానకు అదే శుభ్రపడుతుందంటాడు. ఇంటర్నెట్ వీడియోలో ఒకాయన మెషీన్‌లో వేసి డ్రయ్యర్‌లో కూడా తిప్పేస్తాడు. కవర్ లోపల కుట్టిన చిన్న పీలిక మీద గుర్తులు ఉంటాయి గానీ అవి ఎవరికీ అర్థం కావు. ఈ సలహాల్లో పూర్తిగా తప్పు అనదగినది ఏదీ లేదు. ఒక్కొక్కటి ఒక్కో రకం బట్టకు పనికొస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

పేరుకు బట్ట, తీరుకు గొడుగు

విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో కవర్ అడిగితే ముందు చూపించేది వెండి రంగు పాలిస్టర్ టాఫెటా. దాని మీద 190టీ అని ఉంటుంది. అంగుళం పొడవు, అంగుళం వెడల్పు ఉన్న గడిలో పడుగు పోగులు, పేక పోగులు కలిపి 190 ఉన్నాయని దాని అర్థం. ఆ నేత ఒక్కటే నీళ్లను ఆపలేదు. నీటిని ఆపేది దాని మీద పూసిన పాలీయురిథేన్ లేదా పీవీసీ అనే ప్లాస్టిక్ పొర. ఎండను తిప్పికొట్టేది అందులో కలిపిన అల్యూమినియం పొడి. మెషీన్ డ్రమ్ములో కనిపించేది ఈ పొడే. గొడుగు గుడ్డ కూడా ఇంచుమించు ఇదే సరుకు. గొడుగును ఎవరూ నానబెట్టి బండకేసి బాదరు.

రెండో రకం అసలు నేతే లేనిది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ దారాలను పరిచి, వేడితో ఒత్తి అతికిస్తారు. బట్టల షాపుల్లో ఇచ్చే గుడ్డ సంచి లాంటి క్యారీ బ్యాగు, ఆస్పత్రి మాస్కు, మూడు పొరల కారు కవర్ ఒకే కుటుంబం. ఇది గాలిని కొంత వదులుతుంది కాబట్టి లోపల చెమ్మ తక్కువ పడుతుంది. కానీ దీన్ని బ్రష్షుతో రుద్దితే దారాలు లేచి నూగు వస్తుంది. నేత లేదు కాబట్టి ఒకసారి లేచిన దారం మళ్లీ కుదురుకోదు.

మూడోది సెల్లార్‌లో పెట్టుకునే కార్ల కోసం చేసే నూలు ఫ్లానెల్ లేదా సాగే గుడ్డ. దీనికి నీటిని ఆపే పూత ఉండదు, దుమ్ము ఆపితే చాలు. కవర్లలో మామూలు బట్టలా ఉతకడానికి వీలైనది ఇదొక్కటే. అయితే బరువు చూసుకోవాలి. నూలు తన బరువులో దాదాపు 8 శాతం చెమ్మను గాలిలోంచే పీల్చుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పీల్చుకోదు. నూలు కవర్ తడిస్తే దండెం వంగిపోతుంది.

బయట ఏం రాసి ఉన్నా చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకోవడం కష్టం కాదు. లోపలి వైపు గరుకుగా, సంచిలా ఉంటే పాలీప్రొపిలీన్. పలచగా, నలిపితే గరగరమని చప్పుడు చేస్తే పూత పూసిన టాఫెటా. బొటనవేలితో వెండి వైపు గట్టిగా రుద్దినప్పుడు వేలికి బూడిద రంగు అంటితే పూత అప్పటికే వదిలేస్తోందని గుర్తు. ఆ కవర్‌ను ఎంత జాగ్రత్తగా ఉతికినా లాభం ఉండదు. వెయ్యి రూపాయల లోపు కవర్లు ఆరుబయట రెండు వేసవులు చూశాక చాలా వరకు ఈ స్థితికే వస్తాయి.

సలహాలు ఎందుకు పొసగవు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు కుటుంబం కవర్‌ను లాండ్రోమ్యాట్‌కు తీసుకెళ్లి పెద్ద ఫ్రంట్‌లోడ్ మెషీన్‌లో వేస్తుంది. అక్కడి యంత్రాలు కంబళ్లు, పరుపు దుప్పట్లు పట్టేంత పెద్దవి. మధ్యలో తిప్పే కడ్డీ ఉండదు. కవర్ కూడా చాలాసార్లు గాలి ఆడే మందపు పొరలది. ఆ సలహానే హైదరాబాద్ ఫ్లాట్‌లోని ఏడు కిలోల టాప్‌లోడ్‌కు, పీవీసీ పూత ఉన్న టాఫెటాకు పాటిస్తే ఫలితం వేరుగా ఉంటుంది. ఏడు కిలోలు అన్నది పొడి నూలు బట్టల లెక్క. కవర్ బరువు రెండు కిలోలే అయినా డ్రమ్మునంతా అదే ఆక్రమిస్తుంది.

పీలిక మీది గుర్తుల్లో రెండు మూడు తెలిస్తే చాలు. నీళ్ల తొట్టి బొమ్మ మీద ఇంటూ ఉంటే ఉతకకూడదు, తుడవాలి. తొట్టిలో చెయ్యి ఉంటే చేత్తో ఉతకాలి. చతురస్రంలో సున్నా ఉంటే డ్రయ్యర్, దాని మీద ఇంటూ ఉంటే డ్రయ్యర్ వద్దు. చతురస్రంలో ఎడమ వైపు పై మూలన ఏటవాలు గీతలు ఉంటే నీడన ఆరబెట్టాలి. త్రిభుజం మీద ఇంటూ అంటే బ్లీచింగ్ వద్దని. చవక కవర్లకు ఆ పీలికే ఉండదు. అలాంటివాటిని పూత ఉన్నవాటిగా లెక్కేసుకోవడం మేలు.

డ్రై క్లీనింగ్‌కు ఇస్తే సురక్షితం అనుకునేవాళ్లు కొందరున్నారు. అందులో వాడే ద్రావకం పీవీసీని మెత్తగా ఉంచే నూనెలను లాగేస్తుంది. తిరిగొచ్చిన కవర్ అట్టలా బిగుసుకుంటుంది.

పైన దుమ్ము కన్నా లోపలి దుమ్ము ముఖ్యం

కవర్ బయట వైపు నల్లగా ఉంటే చూడ్డానికి బాగోదు, అంతే. కారుకు నష్టం చేసేది లోపలి వైపు చేరిన ఇసుక రేణువులు. కారు రంగు మీద పైపొరగా ఉండే క్లియర్ కోట్ మందం దాదాపు 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా పలచన. దక్కన్ గ్రానైట్ దుమ్ములో, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ ఖనిజం కాఠిన్యం మోస్ కొలతలో పదికి 7. గాజును కూడా గీస్తుంది. దుమ్ము పట్టిన కారు మీద కవర్ లాగినప్పుడూ, రాత్రి గాలికి అది అల్లాడినప్పుడూ ఆ రేణువులు గరుకు కాగితం పని చేస్తాయి. రెండేళ్ల తర్వాత ట్యూబ్‌లైట్ వెలుగులో కనిపించే సాలెగూడు గీతలకు ఇదొక కారణం. కారును కాపాడడానికి కొన్న వస్తువే దాన్ని అరగదీస్తుందన్న మాట.

ఏ ఊరి దుమ్ము ఆ ఊరిదే. కొత్త అపార్ట్‌మెంట్లు లేచే చోట సిమెంటు కలిసి ఉంటుంది, తడి తగిలితే క్షార గుణం చూపిస్తుంది. తాండూరు వైపు సున్నపురాయి, రామగుండం వైపు బొగ్గు బూడిద. విశాఖ పోర్టు చుట్టుపక్కల బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము గురించి స్థానికుల ఫిర్యాదు ఏళ్ల నాటిది. ఆ ఎర్ర రేణువులు చెమ్మ తగిలితే తుప్పు రంగు మచ్చలై బట్టలో ఉండిపోతాయి. వీటన్నిటికీ వర్తించే ఒకే సూత్రం: తడపక ముందే దులపాలి. పొడిగా ఉన్న రేణువు ఒక దెబ్బకు రాలిపోతుంది. తడిస్తే బురదై నేతలో ఇరుక్కుంటుంది, ఆ తర్వాత రుద్దిన కొద్దీ పూతను గీస్తుంది. కవర్‌ను తిరగేసి దండెం మీద వేసి, దుప్పటి దులిపినట్టు రెండు వైపులా దులిపితే సగం పని అయిపోయినట్టే. చాలా నెలల్లో ఆ సగంతోనే సరిపెట్టుకోవచ్చు.

పిట్టల రెట్ట సంగతి వేరు. అందులో తెల్లటి భాగం యూరిక్ ఆమ్లం, మామూలు నీటిలో అంత తేలిగ్గా కరగదు. గోటితో గీకడం కన్నా సబ్బు నీటిలో తడిపిన గుడ్డను పది నిమిషాలు దాని మీద వేసి ఉంచితే అదే మెత్తబడి వస్తుంది. మామిడి చెట్టు కింద పెట్టే కార్లకు చెట్టు పూసే రోజుల్లో ఇంకో బాధ. ఆకుల మీదా కవర్ మీదా జిగటగా చుక్కలు పడతాయి. చాలామంది చెట్టు జిగురనుకుంటారు గానీ అది తేనెమంచు పురుగులు విసర్జించే చక్కెర నీరు. దాని మీదే తర్వాత నల్లటి మసి లాంటి బూజు పడుతుంది. చక్కెర కాబట్టి గోరువెచ్చని నీటికే పోతుంది. పెట్రోలు, థిన్నర్ అక్కర్లేదు. వాటితో తుడిస్తే పోయేది జిగట కాదు, పూత.

సబ్బు చేసే మేలు, సబ్బు మిగిలితే జరిగే కీడు

నేతకు సన్నటి రంధ్రాలు ఉంటాయి. అయినా చినుకు లోపలికి ఎందుకు దిగదంటే, నీటికి తనను తాను బొట్టుగా పట్టి ఉంచుకునే తలతన్యత ఉంది. బట్ట మీద నీటిని వికర్షించే పూత ఉన్నంత కాలం బొట్టు బొట్టుగానే ఉండి జారిపోతుంది. సబ్బు చేసే పనే ఆ తలతన్యతను తగ్గించడం. అందుకే మురికి వదులుతుంది. కడిగేటప్పుడు మేలు చేసే ఆ గుణమే, సరిగా జాడించకపోతే బట్టలో కాచుకుని కూర్చుంటుంది. తర్వాతి వాన చినుకు తగలగానే ఆ సబ్బు కరిగి, బొట్టు పరుచుకుపోయి, రంధ్రాల్లోంచీ కుట్టు సూది చిల్లుల్లోంచీ దిగుతుంది. పూత నిక్షేపంగా ఉన్న కవర్ కూడా ఉతికాక లీకు కావడానికి తరచూ ఇదే కారణం. చాలామంది ఇక్కడే పొరబడి కవర్ పోయిందనుకుని కొత్తది కొంటారు. దాన్నే మరో రెండుసార్లు ఉత్త నీటితో జాడిస్తే గుణం తిరిగి రావచ్చు.

జాడించడం చాలిందా లేదా అన్నది కంటికి తెలియదు. ఆఖరున కారిన నీళ్లను ఒక సీసాలో సగం వరకు పట్టి, మూత పెట్టి ఊపితే తెలుస్తుంది. పైన నురగ నిలిచిందంటే ఇంకా సబ్బు ఉన్నట్టే.

ఏ సబ్బు అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు నీళ్లను బట్టి ఉంటుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట 600 వరకు ఓర్చుకోవచ్చు. బోరు నీళ్లు ఈ అంకెలు దాటడం మామూలే. అలాంటి నీటిలో బట్టల సబ్బు బిళ్ల రుద్దితే నురగకు బదులు బూడిద రంగు జిడ్డు తేలి బట్టకు అంటుకుంటుంది. వాషింగ్ పౌడర్లకు క్షార గుణం ఎక్కువ, పూర్తిగా కరగని పలుకులు మడతల్లో ఉండిపోతాయి. కారు షాంపూ గానీ, పసిపిల్లల బట్టలకు వాడే తేలిక ద్రవ డిటర్జెంట్ గానీ బకెట్‌కు ఒకటి రెండు మూతలు చాలు. కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్లు వేస్తే దారం మీద మెత్తటి పొర ఏర్పడి నీటి వికర్షణ పోతుంది. క్లోరిన్ బ్లీచ్ అంచులోని ఎలాస్టిక్‌ను కొరికేస్తుంది.

వెనకటి రోజుల్లో రజకులు చౌడు మట్టి పట్టించి, ఉబ్బ వేసి, అంటే ఆవిరికి ఉడికించి, రేవులో బండకేసి బాదినా పంచెలు మన్నేవి కదా అనిపించవచ్చు. నూలు క్షారాన్నీ, వేడినీ, దెబ్బనూ తట్టుకుంటుంది. ఆ పద్ధతి నూలు కోసమే పుట్టింది. పూత పూసిన పాలిస్టర్‌కు ఆ మూడింటిలో ఏదీ పడదు.

నీళ్ల ఖర్చు కూడా చిన్న విషయం కాదు. ఇంటి పైపు నిమిషానికి పది, పదిహేను లీటర్లు పోస్తుంది. పది నిమిషాలు వదిలేస్తే వంద లీటర్లు దాటినట్టే. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడిగితే 5 వేల రూపాయల జరిమానా అని ప్రకటించింది. వేసవిలో ట్యాంకర్ల మీద బతికే ఏ ఊళ్లోనైనా కవర్‌ను డాబా మీద పరిచి, స్పాంజితో బకెట్ నీళ్లకే ఉతకడం నయం. అడుగు పట్టా శుభ్రంగా ఉండాలి, లేకపోతే డాబా ఇసుక లోపలి వైపు అంటుకుని మొదటికే మోసం వస్తుంది. వాషింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్ పెట్టించడం తేలికైన పనిలా కనిపిస్తుంది గానీ, ఆ నాజిల్ 100 బార్‌కు పైగా ఒత్తిడితో కొడుతుంది. లేవడం మొదలైన పూతను అది పొట్టులా వలుస్తుంది.

మెషీన్ ఎందుకు గెంతుతుంది

వాటర్‌ప్రూఫ్ బట్టలను స్పిన్‌లో వేయొద్దని వాషింగ్ మెషీన్ల మాన్యువళ్లలో రాసి ఉంటుంది. బట్ట పాడవుతుందని కాదు ఆ మాట, మెషీనే పాడవుతుందని. మామూలు బట్టలోంచి నీరు స్పిన్‌లో బయటికి పారిపోతుంది. పూత ఉన్న బట్ట మడతలో లీటరు నీళ్లు సంచిలో చిక్కినట్టు చిక్కితే అవి బయటికి పోయే దారి లేదు. అర మీటరు వ్యాసం ఉన్న డ్రమ్ము నిమిషానికి 700 చుట్లు తిరిగితే అంచు దగ్గర బలం భూమ్యాకర్షణకు దాదాపు 137 రెట్లు. చిక్కిన లీటరు నీళ్లు 137 కిలోల బరువున్నట్టు ఒక పక్కకు నెడతాయి. ఫ్రంట్‌లోడ్‌లో 1200 చుట్లకు అది 400 కిలోలు. మెషీన్ బాత్రూమ్ గుమ్మం దాకా నడిచి రావడం అందుకే.

దీన్ని తమాషాగా తీసుకోవడానికి లేదు. 2016 నవంబరులో అమెరికాలో సుమారు 28 లక్షల శాంసంగ్ టాప్‌లోడ్ మెషీన్లను వెనక్కి పిలిపించారు. డ్రమ్ము సమతూకం తప్పి అదిరిపోయి పై కప్పు ఊడి వచ్చే ప్రమాదం ఉందన్నది కారణం. పరుపు దుప్పట్లు, నీటిని ఆపే బట్టలు, బరువైన వాటికి తక్కువ వేగమే వాడాలని అప్పుడు వాడకందార్లకు చెప్పారు. మెషీన్‌లో వేయక తప్పదనుకుంటే స్పిన్ పూర్తిగా ఆపేసి జాడించడానికి మాత్రమే వాడడం ఒక మధ్యేమార్గం. అదీ పాలీప్రొపిలీన్, నూలు కవర్లకే. పిండడం గురించి కూడా ఇదే మాట. మెలిపెట్టి పిండితే పూతలో సన్నటి బీటలు పడతాయి. దండెం మీద వేసి నీళ్లను వాటంతట అవే కారనివ్వడం ఆలస్యమే గానీ నష్టం లేదు.

ఆరబెట్టడంలోనే అసలు లెక్క

మామూలు సెడాన్ కవర్ విప్పి పరిస్తే రమారమి 20 చదరపు మీటర్లు. దాని మీద 0.1 మిల్లీమీటరు మందాన నీటి పొర మిగిలినా అది రెండు లీటర్లు. ఆ రెండు లీటర్లూ గాలిలోకి పోవాలి. గాలి ఎంత తాగగలదన్నది నెలను బట్టి మారుతుంది.

మే మధ్యాహ్నం హైదరాబాద్‌లో 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉందనుకుంటే ఒక ఘనపు మీటరు గాలి ఇంకా 38 గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. డిసెంబరులో 28 డిగ్రీలు, 45 శాతం తేమకు 15 గ్రాములు. విశాఖలో 31 డిగ్రీలు, 75 శాతానికి 8 గ్రాములు. ముసురు పట్టిన జులై రోజు 27 డిగ్రీలు, 85 శాతం ఉంటే మిగిలే చోటు 4 గ్రాములకు లోపే. మే నెలతో పోలిస్తే పదో వంతు. వేసవిలో గంటలో ఆరిన కవర్ వానాకాలంలో పొద్దంతా వేలాడినా చల్లగానే తగలడానికి ఇదే కారణం.

ఇంట్లో ఆరేస్తే ఏమవుతుందో ఇదే లెక్కతో తెలుస్తుంది. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 28 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ముసురు రోజు ఆ గాలి మొత్తం కలిపి తాగగలిగేది దాదాపు 110 గ్రాములు, అంటే ఒక టీ గ్లాసు. రెండు లీటర్ల కవర్‌ను తలుపులు మూసిన గదిలో వేస్తే టీ గ్లాసు నీళ్లు ఆరాక పని ఆగిపోతుంది, మిగతాది గోడల మీద చెమ్మగా దిగుతుంది. కిటికీ తెరిచి ఫ్యాన్ వేస్తే గాలి మారుతూ ఉంటుంది కాబట్టి ఆలస్యంగానైనా ఆరుతుంది. ఏసీని డ్రై మోడ్‌లో పెడితే గాలిలో నీళ్లు పైపు గుండా బయటికే పోతాయి. కరెంటు బిల్లు సంగతి ఆలోచించుకోవాలి. వీటన్నిటి కన్నా మంచిది, జూన్ మొదటి వారానికి ముందే ఒక ఉతుకు ఉతికేసి, మళ్లీ నాలుగు ఎండ రోజులు వరసగా వచ్చే దాకా దులపడంతో నెట్టుకురావడం. నెల్లూరు, చిత్తూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి కాబట్టి అక్కడ క్యాలెండర్ వేరు.

దండెం ఒక్కటే ఉంటే కవర్ రెండు పొరలూ ఒకదానికొకటి అతుక్కుపోయి మధ్యలో గాలి ఆడదు. రెండు మూడడుగుల దూరంలో ఉన్న రెండు దండేలకు అడ్డంగా వేస్తే డేరాలా తెరుచుకుంటుంది, లోపలి నుంచీ గాలి పోతుంది. అద్దాల కోసం కుట్టిన చెవుల్లాంటి సంచుల్లో నీళ్లు నిలుస్తాయి, వాటిని తిరగేయాలి.

ఇక ఎండ. నీడనే ఆరబెట్టాలన్న మాటను అక్షరాలా పట్టుకున్నవాళ్లు వానాకాలంలో కవర్‌ను చీకటి బాల్కనీలో రెండు రోజులు ఉంచి బూజు పట్టిస్తుంటారు. ఏడాది పొడుగునా ఎండలోనే పడి ఉండడానికి చేసిన వస్తువు రెండు గంటల ఎండకు పాడైపోతుందా అన్న అనుమానం న్యాయమైనదే. తేడా ఏమిటంటే, ఎండ కోసం తయారైనది బయటి వైపు మాత్రమే. పాలీప్రొపిలీన్‌కు ఎండ తట్టుకునే మందు కలపకపోతే ఏమవుతుందో పల్లెల్లో అందరూ చూసే ఉంటారు. పొలం గట్టున వదిలేసిన యూరియా సంచి కొన్ని నెలలకు చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. అదే సరుకు ఇది. కవర్‌ను తిరగేసి మిట్టమధ్యాహ్నం లోపలి వైపును గంటల తరబడి ఎండకు పెట్టడం, అదీ ఉతికిన ప్రతిసారీ, మంచిది కాదు. పొద్దుటి ఎండలో లోపలి వైపు ఆరనిచ్చి, పది గంటలకు తిరగేస్తే రెండు పనులూ అవుతాయి. పాలీయురిథేన్ పూతకు తడీ వేడీ కలిసి ఉంటే నెమ్మదిగా విరిగి జిగటగా మారే గుణం ఉంది. పాత రెయిన్‌కోట్ విప్పితే చేతికి అంటుకోవడం దాని ఫలితమే. అయితే అది ఒక్క మధ్యాహ్నంలో జరిగేది కాదు. తడి కవర్‌ను మడిచి వేడి డిక్కీలో నెలల తరబడి ఉంచితే జరిగేది.

కారు మీదే ఆరేస్తే

అపార్ట్‌మెంట్లలో చోటు లేక చాలామంది చేసేది ఇదే. కవర్ ఉతికి, తడిగానే కారుకు తొడిగేస్తారు. పైవైపు గంటలో ఆరిపోతుంది కాబట్టి పని అయిందనుకుంటారు. లోపలి నీటికి మాత్రం దారి లేదు. పగలు వేడెక్కిన లోహం ఆ నీటిని ఆవిరి చేస్తుంది, పూత ఆ ఆవిరిని ఆపేస్తుంది, రాత్రి చల్లబడ్డాక అదే మళ్లీ రంగు మీద బొట్లుగా దిగుతుంది. బోరు నీళ్లలో లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలు ఉంటే, బట్టలో మిగిలిన రెండు లీటర్లతో పాటు రెండు గ్రాముల తెల్ల పొడి మిగులుతుంది. బానెట్ మీద గుండ్రటి తెల్ల మచ్చలు ఎక్కడివో ఇప్పుడు అర్థమవుతుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఆ ఉప్పుకు చెమ్మ కూడా తోడైతే, రంగు లేచిన ప్రతి చోటా తుప్పు వేగంగా పాకుతుంది.

వేరే గతి లేకపోతే, ముందు నీళ్లు పూర్తిగా కారిపోనిచ్చి, కారు కూడా కడిగి ఉన్నప్పుడు, కింది అంచు బిగించకుండా పైకి మడిచి పెట్టడం కొంత నయం. గాలి ఆడే మూడు పొరల కవర్‌కైతే ఇది చెల్లుతుంది. వెండి టాఫెటాకు చెల్లదు.

ఆఖరున ఆరేది అంచు

కవర్ ఆరిందో లేదో చూడ్డానికి అందరూ నడుమ చెయ్యి పెట్టి చూస్తారు. అక్కడ ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. చూడాల్సింది ఎలాస్టిక్ దూర్చి కుట్టిన కింది అంచు. అక్కడ బట్ట రెండు మూడు పొరలు, మధ్యలో రబ్బరు, పైగా నీళ్లన్నీ కారి చేరేది అక్కడికే. ఆ మడతను టిష్యూ కాగితంతో పట్టి గట్టిగా నొక్కితే కాగితం చెమ్మగిల్లుతుంది. అలా ఉండగానే మడిచి సంచిలో కుక్కితే ఒకటి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. ముందు ముక్కిన వాసన, తర్వాత మిరియాలు చల్లినట్టు నల్ల చుక్కలు వస్తాయి. పాలిస్టర్‌ను బూజు తినదు. దాని మీద మిగిలిన సబ్బునీ, దుమ్మునీ, కుట్టు దారంలో నూలు ఉంటే దాన్నీ తింటుంది. అంటే బాగా జాడించని కవర్‌కే బూజు ఎక్కువ. వాసన మొదట్లోనే ఉంటే నీళ్లలో కాస్త తెల్ల వెనిగర్ కలిపి తుడిచి గాలికి వేస్తే తగ్గుతుంది. నల్ల చుక్కలు వచ్చాక మరక పూర్తిగా పోదు.

ఎన్నాళ్లకోసారి ఉతకాలన్న దానికి లెక్క కట్టి చెప్పే సూత్రం లేదు. పక్కన ఇల్లు కడుతుంటే రెండు మూడు నెలలకు, లేకపోతే ఏడాదికి రెండుసార్లు సరిపోతుంది. ప్రతి ఉతుకూ నీటిని వికర్షించే గుణంలో కొంత తీసుకుపోతుంది. రెయిన్‌కోట్లకు కొట్టే వాటర్ రిపెల్లెంట్ స్ప్రే పైపై గుణాన్ని తిరిగి తేగలదు, రాలిపోయిన పూతను మాత్రం తేలేదు. పూత పోయిన వెండి కవర్ పాత సామాన్ల మీద దుమ్ము పడకుండా కప్పడానికి ఇంకో ఏడాది పనికొస్తుంది. భోగి మంటలో మాత్రం వేయకూడదు, పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది.

మడిచేటప్పుడు బయటి వైపు బయటి వైపుకే తగలాలి. కారు మీద ఉండగానే రెండు పక్కల అంచులూ రూఫ్ మీదికి ఎత్తి, ముందు నుంచి వెనక్కి చాపలా చుడితే దుమ్ము అంతా చుట్ట లోపలే ఉండిపోతుంది. మళ్లీ వెనక నుంచి ముందుకు విప్పుకుంటూ వస్తే లోపలి వైపు నేల తాకదు.